స్టెంటు వేసి పంపేశారు సరే, ఏటా చూసేదెవరు?

పొట్టలో స్టెంటు వేయించుకుని హైదరాబాద్ నుంచి దిగిన మనిషిని పలకరించడానికి బత్తాయిలు పట్టుకుని వచ్చే ప్రతివాళ్ళూ ఒకే మాట అంటారు. "గండం గడిచిందండి, ఇక బెంగ లేదు." నా తగువంతా ఆ మాటతోనే.

గుండెలో స్టెంటు అంటే మా కోనసీమలో తెలియనివాళ్ళు లేరు. వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. కాబట్టి పొట్టలో వేసేది కూడా అలాంటిదే కాబోలు అనుకుంటారు. కాదు. గుండెలో వేసేది పూడుకుపోయిన నాళాన్ని తెరవడానికి. పొట్టలో వేసేది ఉబ్బిపోయిన నాళం పగలకుండా కాపాడటానికి. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం, అంటే అయోర్టా, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ళలోకి పోతుంది. మూత్రపిండాల కింద దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు ఉంటుంది. 3 దాటితే అన్యూరిజం అంటారు. మగవాళ్ళలో 5.5, ఆడవాళ్ళలో 5 దాకా వస్తే మరమ్మతు సంగతి ఆలోచిస్తారు. అప్పటిదాకా చాలామందికి నొప్పి ఉండదు, గుర్తులుండవు. వేరే దేనికో పొట్ట స్కాన్ తీయిస్తే బయటపడుతుంది. పగిలిందంటే మాత్రం ఆసుపత్రికి చేరేలోపే పోయేవాళ్ళు చాలామంది. వయసు, మగపుట్టుక, బీపీ, ఇంట్లో ఇంకెవరికైనా ఉండటం, ఇవన్నీ కారణాల్లో ఉన్నాయి గానీ అన్నిటికంటే పెద్దది పొగ. లంక పొగాకు పండే చోట, చుట్ట లేనిదే పొద్దు పొడవని పెద్దవాళ్ళున్న చోట ఈ జబ్బు గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు వింతగానే ఉంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి పొట్ట కోసి, ఉబ్బిన భాగాన్ని తెరిచి, అక్కడ గుడ్డ గొట్టం కుట్టడం. పాడైన భాగం తీసి కొత్త నాళం పెట్టే ఆపరేషన్‌ని 1951లో ప్యారిస్‌లో షార్ల్ దుబో చేశాడు. రెండోది 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి మొదలుపెట్టినది. తొడల మొదట్లో ఉండే నాళాల్లోంచి, లోహపు చట్రానికి గుడ్డ కుట్టిన గొట్టాన్ని మడిచి పైకి పంపి, మూత్రపిండాల నాళాల కింద తెరుస్తారు. దాన్నే స్టెంట్ గ్రాఫ్ట్ అంటారు. రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది. ఉబ్బిన సంచి బయట ఉండిపోతుంది, ఒత్తిడి తగ్గి మెల్లగా కుంచించుకుపోవాలి. పెద్ద కోత ఉండదు, కొద్ది రోజుల్లో ఇంటికొచ్చేస్తారు.

ఈ 'ఉండిపోతుంది' అన్నదే ఎవరూ మనకి చెప్పరు. మా పెద్ద మావయ్యకి చెప్పలేదు. ఆయన అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారం చేసి మానేసిన మనిషి. 5.9 సెంటీమీటర్ల అన్యూరిజం ఉందంటే పిల్లలు హైదరాబాద్ తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. బాగా జరిగింది, ఆ సర్జన్ల పనితనానికి నేను వంక పెట్టను. నెల తర్వాత సీటీ తీశారు, అంతా బాగుందన్నారు. ఆ తర్వాత మావయ్య తోటలో దింపు తీయిస్తూ, పెళ్ళిళ్ళకి తిరుగుతూ మామూలైపోయాడు. కొన్నేళ్ళకి ప్రోస్టేట్ ఇబ్బందికని ఇక్కడే టౌన్లో పొట్ట స్కాన్ తీయిస్తే రిపోర్టులో అయోర్టా దగ్గర 6.4 సెంటీమీటర్ల అన్యూరిజం, లోపల స్టెంటు ఉంది అని రాసి ఉంది.

ఇల్లంతా గొల్లుమంది. "తీసేశామన్నారు కదరా, మళ్ళీ ఎలా వచ్చింది?" అని అత్తయ్య. తీసేశామని ఎవరూ అనలేదు. అలాగని తీయలేదని కూడా ఎవరూ అనలేదు. నేను ఫైలు తిరగేశాను. డిశ్చార్జి సమ్మరీ చివరి పేజీలో, ఉప్పు తగ్గించండి, బరువులెత్తకండి అన్న జాగ్రత్తల కింద, నెలకి సీటీ, ఆ తర్వాత ఏడాదికోసారి అని ఇంగ్లీషులో ఒక్క లైను ఉంది. పదో తరగతితో చదువు ఆపిన మనిషికి, లక్షలు పోసి చేయించుకున్న వైద్యంలో అసలైన షరతు ఆ ఒక్క లైను. ఆపరేషన్ ముందు సంతకాల కోసం తెచ్చిన కాగితాలు మాత్రం బొత్తి కట్టేంత ఉన్నాయి.

మళ్ళీ సీటీ తీస్తే తేలిందేమిటంటే, కుడి కాలి వైపు దిగిన గొట్టం చివర కాస్త పైకి జారింది. ఆ సందులోంచి రక్తం సంచిలోకి పోతోంది. దీన్ని ఎండోలీక్ అంటారు.

డెల్టావాళ్ళకి ఇది చెప్పడం తేలికే. ఏటిగట్టు పొర్లితే ఊరంతా చూస్తుంది. గట్టు అడుగున ఊట మొదలైతే మాత్రం వరద రాత్రి గట్టెమ్మట నడిచే లస్కరుకే తెలుస్తుంది. బస్తాలు ఎక్కడ వెయ్యాలో తేలాలంటే ఊట ఎక్కడినుంచి వస్తోందో ముందు తెలియాలి. ఎండోలీకుల్లో రకాలు పెట్టింది కూడా అందుకే. గొట్టం పై చివరో కింది చివరో గోడకి ఆనకపోతే మొదటి రకం. మావయ్యది అదే. నడుము వైపు వెళ్ళే చిన్న నాళాల్లోంచో, పేగులకి వెళ్ళే నాళంలోంచో రక్తం ఎదురొచ్చి సంచిలో చేరితే రెండో రకం. గొట్టం ముక్కలు కలిసిన చోట విడిపోతేనో, గుడ్డ చిరిగితేనో మూడోది. గుడ్డ అల్లికలోంచి చెమర్చితే నాలుగోది, ఇది తొలి రోజుల్లో కనిపించి పోతుంది. లీకు ఎక్కడా దొరకదు గానీ సంచి పెరుగుతూనే ఉంటే ఐదోది. ఒకటి, మూడు రకాలు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు, గోడమీద పూర్తి ఒత్తిడి పడుతున్నట్టే. ఎక్కువమందిలో కనిపించేది రెండో రకం. అందులో చాలా భాగం వాటంతటవే మూసుకుపోతాయి, సంచి పెరగనంత కాలం చూస్తూ ఉంటారు. రిపోర్టులో లీకు అన్న మాట చూడగానే టెన్షన్ పడిపోనక్కర్లేదు, ఏ రకం, సంచి ఎంత పెరిగింది అని రెండు ప్రశ్నలు అడగాలి.

మావయ్యకి ఇంకో చిన్న గొట్టం ముక్క దింపి ఆ చివర పొడిగించారు. లీకు ఆగింది. ఈసారి అత్తయ్య డాక్టరుగారిని గదిలోంచి కదలనివ్వలేదు. "మళ్ళీ ఎప్పుడు రావాలో తెలుగులో రాసివ్వండి బాబూ" అంది. ఆయన నవ్వి రాసిచ్చాడు.

ఇక అసలు వాదనకొస్తాను. స్టెంటు మంచిదా, కోత మంచిదా అని అడిగితే ఆసుపత్రుల్లో అందరూ ముందు చెప్పేది తొలి నెల లెక్క. అది నిజమే. బ్రిటన్‌లో 1999 నుంచి 2003 దాకా 1,082 మందిని చేర్చుకుని చేసిన ఈవార్-1 అనే పరిశోధనలో ఆపరేషన్ అయిన 30 రోజుల్లో చనిపోయినవాళ్ళు స్టెంటు వైపు 1.7 శాతం, కోత వైపు 4.7 శాతం. అంత తేడా కనబడితే ఎవరు మాత్రం పొట్ట కోయించుకుంటారు? కానీ వాళ్ళనే వదలకుండా 15 ఏళ్ళ దాకా గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిదేళ్ళు దాటాక లెక్క తిరగబడింది. అన్యూరిజం వల్ల పోయినవాళ్ళు స్టెంటు వైపే ఎక్కువ. కారణాల్లో ముఖ్యమైనది, వదిలేసిన ఆ పాత సంచి మళ్ళీ పగలడం. 2011లో అమెరికాలో పదివేల పైచిలుకు మంది స్కాన్లు చూస్తే ఐదేళ్ళకి 41 శాతం మందిలో సంచి పెరిగిందని తేలింది. నాళం ఆకారం ఆ గొట్టానికి సరిపోనివాళ్ళకి కూడా వేసేయడం అందులో పెద్ద కారణం. 2020లో బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ, ముందుగానే తెలిసి తీరిగ్గా చేసే కేసుల్లో, కోత తట్టుకోగలిగినవాళ్ళకి కోతే ముందు చెప్పమని మార్గదర్శకాలిచ్చింది. అక్కడి సర్జన్లలో చాలామందికి అది నచ్చలేదు, ఆ తగువు వేరే.

ఇదంతా చదివి స్టెంటు చెడ్డదని అంటున్నానని అనుకోకండి. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఆయాసం, గుండె బలహీనం అంటే పొట్ట కోయించమని నేను చెప్పను. అలాంటివాళ్ళకి స్టెంటు పెద్ద వరమే. నేననేది వేరు. అరవై రెండేళ్ళు, గుండె ఊపిరితిత్తులు బాగున్నాయి, పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్నారు, ఏటా స్కానింగుకి తీసుకెళ్ళే దిక్కు లేదు. ఇలాంటి మనిషికి స్టెంటు తేలిక దారి అని చెప్పి ఊరుకోవడం తప్పు. కోత ఆపరేషన్‌కి తొలి నెలలు బరువు, తర్వాత బాధ్యత తక్కువ. స్టెంటుకి తొలి నెలలు తేలిక, తర్వాత బతికినంత కాలం కాపలా. ఆ కాపలా ఎవరిదో తేలకుండా ఏది వెయ్యాలో నిర్ణయించకూడదు. సర్జను గారు నాళం మెడ, అంటే సంచికి పైన ఉబ్బని భాగం, ఎంత పొడవుంది, ఎంత వంకరగా ఉంది అని కొలుస్తారు కదా, ఇంటి పరిస్థితి కూడా అలాగే కొలవాలి.

దీనికి ఓ డాక్టరు మిత్రుడు నాతో వాదించాడు. "చెప్పినా రారండి. బాగున్నాం కదా అంటారు. నేనేం చెయ్యను?" అన్నాడు. రారన్నది నిజమే. అమెరికాలో కూడా ఏళ్ళు గడిచేకొద్దీ ఫాలో అప్ మానేసేవాళ్ళు బాగానే ఉన్నారు. కానీ మా మావయ్య ఫోనుకి ఆ ఆసుపత్రి నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తాయి. ఉగాదికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో డిస్కౌంటు మెసేజీ వస్తుంది. మీ పొట్టలో మేం పెట్టిన గొట్టాన్ని చూసి ఏడాదైంది, రండి అని ఒక్కటంటే ఒక్క మెసేజీ రాలేదు. ఆ పని చేశాక రారు అంటే ఒప్పుకుంటాను.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. గుండె స్టెంట్ల ధరకి 2017లో కేంద్రం పరిమితి పెట్టింది, అది గుండె స్టెంట్లకే. పొట్టలో వేసే గ్రాఫ్టుకి లక్షలవుతుంది. మామూలు మెడిక్లెయిమ్ పాలసీలు ఆసుపత్రిలో పడుకున్నప్పటి ఖర్చు ఇస్తాయి, డిశ్చార్జి అయ్యాక అరవై రోజుల దాకానో కాస్త అటూ ఇటూనో అయ్యే ఖర్చు ఇస్తాయి. అంటే తొలి నెల సీటీ పాలసీలో వస్తుంది. అసలు ప్రమాదం పెరిగే ఏళ్ళల్లో తీయించే స్కాన్లు మన జేబులోంచి. గొట్టానికి లక్షలిచ్చిన కంపెనీ, అది జారిందో లేదో చూడటానికి వేలు ఇవ్వదు. జారితే మళ్ళీ లక్షలు ఇస్తుంది. ఈ లెక్క వేసినవాళ్ళెవరో నాకు ఒకసారి చూడాలనుంది.

అయితే స్కాన్ అనగానే గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలనుకోవడం కూడా మనం చేసుకున్న బరువే. ఇది ముఖ్యం. తొలి నెల సీటీ ఆపరేషన్ చేసినచోట తీయించాలి. అది బాగుండి, లీకు లేకపోతే ఏడాదికి మళ్ళీ చూస్తారు. ఆ తర్వాత చాలామందికి ఏటా డాప్లర్ అల్ట్రాసౌండ్ సరిపోతుంది, మధ్యలో ఎప్పుడు సీటీ తీయాలో సర్జను చెప్తారు. డాప్లర్‌కి మందు ఎక్కించరు, రేడియేషన్ ఉండదు. షుగరుండి క్రియాటినిన్ పెరిగినవాళ్ళకి, అంటే మూత్రపిండాల పని తగ్గినవాళ్ళకి, మాటిమాటికీ మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ మంచిది కాదు కాబట్టి వాళ్ళకి ఇది మరీ మేలు. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో డాప్లర్ చేసేవాళ్ళున్నారు. కావలసింది ఇలాంటి గొట్టాలు చూసిన అనుభవం, పాత కొలత పక్కన పెట్టుకుని చూసే ఓపిక.

మావయ్యని రాజమండ్రి తీసుకెళ్ళినప్పుడు చూశాను. పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నారు, ఈయన రావులపాలెంలో ఆపించి ఇడ్లీ తినేశాడు. "పొట్టంతా గ్యాసేనండి బాబాయిగారూ, అయోర్టా కనబడట్లేదు, కాసేపు నడిచి రండి" అంది డాక్టరమ్మ. నడిచొచ్చాక మళ్ళీ జెల్లు రాసి ప్రోబు నొక్కిపెట్టి, "ఊపిరి బిగబట్టండి, ఊ, వదలండి" అంటూ చాలాసేపు చూసింది. తెర మీద నల్లటి గుండ్రం మధ్యలో తెల్లగా రెండు చిన్న వలయాలు. అవే గొట్టం కాళ్ళు, అంటే రెండు కాళ్ళ వైపు దిగిన కొమ్మలు. రంగు వాటిలోపలే మెరవాలి, బయట నల్లదనంలో మెరవకూడదు. "పాత రిపోర్టేదండీ?" అంది. హైదరాబాద్‌వాళ్ళిచ్చిన సీడీ తీసిచ్చాను. ఆ కంప్యూటరుకి సీడీ పెట్టే చోటే లేదు. కాగితం రిపోర్టు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆవిడ ఇచ్చే కొలతకి అర్థమే లేదు. 6.2 ఉందంటే మంచో చెడో ఎలా తెలుస్తుంది? 6.4 నుంచి తగ్గి 6.2 అయితే సంతోషం. 5.8 నుంచి పెరిగి 6.2 అయితే ఆ రాత్రే బండి కట్టించుకోవాలి అన్నంత కాకపోయినా, సర్జనుకి వెంటనే ఫోన్ చెయ్యాలి. అప్పటినుంచి ఒకే కాగితం మీద తేదీ, కొలత, ఎక్కడ తీశారు అన్నది వరసగా రాస్తున్నాం. ఆ కాగితం ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది.

లీకొక్కటే కాదు. గొట్టం కాలు మడతపడి మూసుకుపోవచ్చు. అప్పుడు ఆ వైపు కాలు ఉన్నట్టుండి చల్లబడి, నొప్పెట్టి, రంగు మారుతుంది, లేదా నాలుగడుగులు వేస్తే పిరుదు, పిక్క పట్టేస్తుంది. వెంటనే వెళ్ళాలి, కొబ్బరినూనె కాచి మర్దనా చేస్తూ కూర్చోకూడదు. తుంటి వైపు నాళం మూసి గొట్టం దించినవాళ్ళకి నడిస్తే పిరుదు నొప్పి, మగవాళ్ళకి మగతనం తగ్గడం ఉండొచ్చు. ఈ రెండోది ఎవరూ ముందు చెప్పరు, తర్వాత ఎవరూ అడగరు. తొలి రోజుల్లో జ్వరం వస్తే అది చాలాసార్లు ఒంటికి గొట్టం కొత్త కావడం వల్ల, తగ్గిపోతుంది. నెలల తర్వాత జ్వరం, నడుం నొప్పి, బరువు తగ్గడం కలిసి వస్తే గొట్టానికి ఇన్ఫెక్షన్ పట్టిందేమో చూడాలి. అరుదే, కానీ చాలా చెడ్డది. నల్లగా విరేచనమైనా, రక్తం పడినా అంతే. ఇక ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో గట్టి నొప్పి వచ్చి కళ్ళు తిరిగితే దాన్ని గ్యాస్ అనుకోవద్దు. మా వైపు గుండెపోటుని కూడా ముందు గ్యాసే అంటారు, ఒక సోడా తాగించి చూస్తారు.

చివరిగా మందుల సంగతి, ఇది మా ఊళ్ళకి మరీ అవసరం. విరేచనాలైతే ఆరెంపీ దగ్గరికి వెళ్తాం, ఆయన ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ళ ఇస్తాడు. మూత్రంలో మంటంటే సిప్రోఫ్లాక్సాసిన్, దగ్గంటే లెవోఫ్లాక్సాసిన్. ఈ ఫ్లాక్సాసిన్ల కుటుంబం మందులు అయోర్టా చీలే, పగిలే ప్రమాదాన్ని పెంచవచ్చనీ, అన్యూరిజం ఉన్నవాళ్ళకి వేరే మందు లేకపోతే తప్ప ఇవ్వవద్దనీ 2018 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. స్టెంటు వేయించుకున్నాక కూడా సంచి అక్కడే ఉందని మర్చిపోకూడదు. మావయ్య పర్సులో ఆధార్ కార్డు వెనక ఈ మందుల పేర్లు తెలుగులో రాసిన చీటీ పెట్టాం. మా ఆరెంపీ గారు మొదట చిన్నబుచ్చుకున్నాడు గానీ, తర్వాత ఆయనే తన దగ్గరికొచ్చే ఇంకో ముసలాయన గురించి అడిగాడు.

తోబుట్టువులకి ఉంటే మనకీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి చిన్న మావయ్యని కూడా స్కానింగుకి లాక్కెళ్ళాం. నాకేమీ లేదురా, తిన్నది అరుగుతోంది, పొలం వెళ్తున్నాను అని వాదించాడు. 3.4 వచ్చింది. ఆపరేషన్ సంగతే లేదు, మూడేళ్ళకి మళ్ళీ చూద్దాం, బీపీ అదుపులో పెట్టుకోండి, చుట్ట మానెయ్యండి అన్నారు. మానలేదు. తగ్గించానంటున్నాడు. ఆ తగ్గించడం మీద చిన్నత్తయ్యకి నమ్మకం లేదు, నాకు అంతకన్నా లేదు.